నిప్పుకొండ చూడాలంటే

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వేసవి సెలవులకు ఎక్కడికి వెళ్దాం అన్న ప్రశ్నకు మన ఇళ్ళల్లో చాలాకాలం రెండే జవాబులుండేవి. ఒకటి పుట్టిల్లు, రెండోది తిరుపతి. ఆ తర్వాత ఊటీ, కొడైకెనాల్ చేరాయి. ఇప్పుడు మనలో చాలామంది పిల్లలు సిడ్నీలోనో, బ్రిస్బేన్‌లోనో, ఆక్లాండ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. చూడవచ్చిన అమ్మానాన్నలతో, "ఇంతదూరం వచ్చారు గదా, ఇంకో మూడు గంటలు విమానంలో కూర్చుంటే నిప్పులు కక్కే కొండ చూడొచ్చు, వెళ్దాం పదండి" అంటున్నారు. వాళ్ళు చెప్పే ఆ చోటు వనువాటు. పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున, ఫిజీకి పడమరన ఉన్న చిన్న ద్వీపదేశం.

ఇలాంటి ప్రయాణాల్లో మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. టిక్కెట్లు కొడుకు చూస్తాడు, హోటలు కోడలు చూస్తుంది, మందులూ తువ్వాళ్ళూ చిరుతిళ్ళూ మనం చూస్తాం. తీరా కొండ దగ్గరికి చేరాక, "నువ్వెందుకమ్మా శ్రమపడటం, కింద కూర్చుని సామాను చూస్తూ ఉండు" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కాని అంత ఖర్చుపెట్టుకుని సముద్రాలు దాటి వెళ్ళింది సంచుల దగ్గర కూర్చోవడానికి కాదు గదా! అంచుదాకా వెళ్ళి చూడాలంటే ఆ కొండ ఎలాంటిదో, ఎప్పుడు వెళ్ళవచ్చో, ఎప్పుడు కూడదో మనకే ముందుగా తెలిసి ఉండాలి. అందుకే ఈ నాలుగు మాటలూ.

వనువాటులో దాదాపు 80 ద్వీపాలున్నాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 1300 కిలోమీటర్ల పొడవున ఇంగ్లీషు 'వై' అక్షరం ఆకారంలో పరుచుకుని ఉంటాయి. జనాభా మాత్రం 3 లక్షలే. రాజధాని పోర్ట్ విలా, ఎఫాటే అనే ద్వీపంలో ఉంది. 1906 నుంచి ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఇద్దరూ కలిసి ఈ దీవుల్ని ఏలారు. ఒకే ఊళ్ళో రెండు రకాల పోలీసులు, రెండు రకాల బళ్ళు! ఇద్దరత్తల కాపురమన్నమాట. 1980 జులై 30న స్వాతంత్ర్యం వచ్చింది. నూటికి పైగా భాషలున్న ఆ దేశంలో అందరినీ కలిపేది బిస్లామా అనే భాష. ఇంగ్లీషు మాటల్ని తమ వ్యాకరణంలో పెట్టుకుని మాట్లాడతారు. 'మి నో కకై మిట్' అంటే 'నేను మాంసం తినను' అని. శాకాహారులు ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టుకుని వెళ్ళండి, బోలెడంత పని చేస్తుంది.

ఇక నిప్పు సంగతి. భూమి పైపెంకు ఒకే ముక్క కాదు, పెద్దపెద్ద పలకలుగా ఉంటుంది. వనువాటు దగ్గర ఆస్ట్రేలియా పలక అంచు దీవుల కిందికి దిగిపోతోంది. దిగేటప్పుడు తనతోపాటు సముద్రపు తేమనూ లోపలికి తీసుకుపోతుంది. ఆ తేమ తగిలితే లోపలి వేడిరాయి మామూలుగా కరగవలసిన వేడికంటే తక్కువ వేడికే కరిగిపోతుంది. కరిగిన రాయి పైకి వస్తుంది. ఈ దీవులు పుట్టిందే అలా. అందుకే అక్కడ అగ్నిపర్వతాలూ ఎక్కువే, భూకంపాలూ ఎక్కువే.

మనం చూడాలనుకునే కొండ పేరు యాసుర్. తాన్నా ద్వీపంలో ఉంది. ఎత్తు 361 మీటర్లే. 1774లో కెప్టెన్ కుక్ అనే నావికుడు సముద్రం మీద నుంచి ఈ కొండ వెలుగు చూసి తాన్నాకు వచ్చాడు. అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే, కొన్ని నిమిషాలకోసారి చిమ్ముతూనే ఉంది. ఎందుకలా అంటే, పొయ్యిమీద చిక్కటి జావ ఉడికేటప్పుడు చూసే ఉంటారు. అడుగు నుంచి ఆవిరిబుడగ మెల్లగా పైకొచ్చి, టప్పున పగిలి, నాలుగు చుక్కలు పొయ్యిగట్టు మీద చిందుతాయి. యాసుర్ నోట్లో జరిగేది అదే. లావాలో పెద్దపెద్ద వాయువు బుడగలు పైకొచ్చి పగులుతాయి, ఎర్రటి రాతిముద్దలు ఎగురుతాయి. నోరు తెరిచి ఉన్నంతకాలం లోపలి ఒత్తిడి ఇలా కొంచెం కొంచెంగా తీరిపోతూ ఉంటుంది. అందుకే జనం అంత దగ్గరికి వెళ్ళి చూడగలుగుతున్నారు. అయితే జావ ఎప్పుడూ ఒకేలా చిందదు. ఒక్కోసారి చుక్క మోచేతిదాకా వస్తుంది. ఈ మాట మరిచిపోకండి.

ఆ దేశపు వాతావరణ, భూప్రమాదాల శాఖవారు ప్రతి అగ్నిపర్వతానికీ 0 నుంచి 5 వరకు హెచ్చరిక మెట్లు పెట్టారు. యాసుర్ చాలా ఏళ్ళపాటు 2వ మెట్టు మీదే నిలిచింది. 2 అంటే ఏమీ లేదని కాదు, కొండ బాగా కదిలిపోతోందని అర్థం. బయల్దేరే ముందురోజూ, కొండకు వెళ్ళే రోజు పొద్దునా ఆ శాఖవారి ప్రకటన చూడండి. మెట్టు 3కు ఎక్కిందంటే అంచుకు వెళ్ళే ఆలోచనే మానుకోవాలి. అలా మానుకోవలసి వస్తుందేమోనని ఇంట్లోనే, అందరూ ఒకచోట కూర్చుని ఉండగా ముందే ఒప్పందం చేసుకోండి. అక్కడికి వెళ్ళాక, "ఇంత డబ్బు పోసి వచ్చాం, ఏమీ కాదులే" అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.

కొండ మరీ కష్టమైనదేమీ కాదు. విమానాశ్రయం ద్వీపానికి పడమటి ఒడ్డున ఉంది, కొండ తూర్పున. నడుమ దారి గతుకులే. నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఒక చిన్న దిండు పట్టుకుపోండి. కొండ కిందికి వచ్చేసరికి చెట్టూ చేమా లేకుండా నల్లటి బూడిదమైదానం కనిపిస్తుంది. జీపు అంచుకు దగ్గరదాకా ఎక్కిస్తుంది. మిగిలింది కాస్త నడకే. శ్రీశైలంలో పాతాళగంగ మెట్లు దిగి ఎక్కిన మోకాళ్ళకు ఇదో లెక్క కాదు. సాయంత్రం పొద్దు వాలే వేళకు పైకి చేరితే మంచిది. వెలుగుండగా బిలం ఆకారం కనిపిస్తుంది, చీకటి పడ్డాక నిప్పు రంగు కనిపిస్తుంది.

పైన ఎలా నిలబడాలో కూడా చెప్పాలి. గాలి మన వెనక నుంచి బిలం వైపు వీచే చోటనే నిలబడాలి. ఎదురుగా వీస్తే పొగా బూడిదా మన ముఖానికే. మోత వినగానే వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు. తలెత్తి, ఎగిరిన ముద్ద ఎటు వస్తోందో చూసి, పక్కకు తప్పుకోవాలి. పరుగెత్తేవాడికి తలమీదికి వచ్చేది కనపడదు. గైడు ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగండి. ఫోటో కోసం ఇంకో రెండడుగులు వేసే పిల్లల చెయ్యి పట్టుకోండి. ఆ పొగలో గంధకపు వాయువు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వెళ్ళవద్దు. ఇంట్లో ఎవరైనా నిజంగా కింద ఆగిపోవలసి ఉంటే వాళ్ళే ఆగాలి, అలవాటుకొద్దీ అమ్మ కాదు. కంటిలోపల పెట్టుకునే కాంటాక్టు అద్దాలు తీసేసి మామూలు కళ్ళద్దాలు పెట్టుకోండి, బూడిదరేణువు ఇరుక్కుంటే బాధ ఇంతా అంతా కాదు. చీర వద్దు. సల్వారో ప్యాంటో, మడమ కప్పే బూట్లు, ముక్కుకు గుడ్డ, ఒక స్వెట్టరు, మనిషికో టార్చిలైటు. వేడి కొండే అయినా పొద్దుగుంకాక అంచుమీద గాలి చలిగానే ఉంటుంది.

ఎప్పుడు వెళ్ళాలి? నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ తుఫానుల కాలం. 2015 మార్చిలో పామ్ తుఫాను ఆ దేశాన్ని అతలాకుతలం చేసింది. 2023 మార్చిలో జూడీ, కెవిన్ అనే రెండు తుఫానులు రోజుల తేడాలో వచ్చిపడ్డాయి. మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, పొడిగా ఉంటుంది. మన పిల్లల బడిసెలవులతో కలిసేది మే నెలే. ఆ మేలో ఇంకో విశేషం కూడా ఉంది.

పెంటెకోస్ట్ అనే ద్వీపానికి దక్షిణభాగంలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎక్కువగా శనివారాల్లో, మగవాళ్ళు కర్రలతో ఎత్తైన మంచె కట్టి, చీలమండలకు అడవితీగెలు కట్టుకుని, తలకిందులుగా దూకుతారు. దానిని నగోల్ అంటారు. పెండలం పంట చేతికొచ్చే వేళ చేసే వేడుక ఇది. తీగె పొడవు దూకే మనిషి బరువును బట్టి ఎంచుతారు. భుజం నేలను తాకీ తాకనట్టు ఆగాలి. వానాకాలం అయ్యాక తీగెల్లో రసం నిండి సాగే గుణం వస్తుంది. ఆ కాలం కాని కాలంలో 1974 ఫిబ్రవరిలో, ఇంగ్లండు రాణి ఎలిజబెత్ వచ్చిందని ఆమె చూడటానికి దూకించారు. తీగెకు సాగుడు చాలక ఒక మనిషి వెన్ను విరిగి చనిపోయాడు. అతిథి ఎంత గొప్పవాడైనా తీగెకు దాని రుతువు దానిదే. కాబట్టి మనకు వీలైన తేదీకి వాళ్ళ వేడుక జరగదు, వాళ్ళ శనివారానికి మనమే సర్దుకోవాలి. టిక్కెట్లు కొనేముందు ఆ శనివారం ఖాయం చేసుకోండి.

ఈ ఆట ఎలా మొదలైందో అక్కడివాళ్ళు చెప్పే కథ మీకు నచ్చుతుంది. ఒక ఇల్లాలు మొగుడి బాధ పడలేక అడవిలోకి పారిపోయి మర్రిచెట్టెక్కిందట. అతడూ వెంటపడి ఎక్కాడు. ఆమె కాళ్ళకు తీగెలు కట్టుకుని దూకి బతికింది. అతడు తీగె కట్టుకోకుండా దూకి చచ్చాడు. ఇంకోసారి మోసపోకూడదని మగవాళ్ళంతా దూకడం నేర్చుకున్నారట! ఇప్పుడు ఆడవాళ్ళు దూకరు. కింద నిలబడి పాడతారు, ఆడతారు.

ఈత వచ్చినవారికి ఎస్పిరితు సాంతో ద్వీపం బావుంటుంది. 1942 అక్టోబరు 26న ప్రెసిడెంట్ కూలిడ్జ్ అనే అమెరికా ఓడ, తమవాళ్ళే సముద్రంలో పెట్టిన మందుపాతరలకు తగిలి అక్కడ మునిగింది. 5 వేలమందికి పైగా ఉన్న ఓడలో ఇద్దరే చనిపోయారు. కెప్టెన్ ఓడను గట్టుమీదికి తోలి అందరినీ దిగిపొమ్మన్నాడు. ఇప్పుడు శిక్షణ పొందిన ఈతగాళ్ళు ఆక్సిజన్ సిలిండరు కాదు, గాలి నింపిన సిలిండరు వీపున కట్టుకుని దానిలోకి దిగి చూస్తారు. అలా దిగినవాళ్ళు కనీసం 18 గంటలు గడిచాకగాని విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని బుడగలుగా మారి ప్రాణం మీదికి తెస్తుంది. మీ అబ్బాయి పొద్దున డైవింగు, సాయంత్రం విమానం అని పట్టీ రాశాడంటే మీరే కొట్టెయ్యండి. ఈత రానివాళ్ళకు అదే ద్వీపంలో నీలపు గుండాలున్నాయి. సున్నపురాయిలో వడగట్టుకుని ఊరిన మంచినీళ్ళు, అడుగు కనపడేంత తేట. లైఫ్ జాకెట్ తొడుక్కుని పడవలో వెళ్ళి రావచ్చు.

ఇంతకీ యాసుర్, నగోల్, సాంతో అన్నీ ఒకే వారంలో చూసేద్దాం అనుకుంటే మాత్రం ఏదీ దక్కదు. ద్వీపానికీ ద్వీపానికీ తిరిగేవి చిన్న విమానాలు. వాన వస్తే ఆగుతాయి, బూడిద లేస్తే ఆగుతాయి. సామాను తూచినట్టే మనుషుల్నీ తూచి కూర్చోబెడతారు. సిగ్గుపడవలసిన పనేం లేదు, విమానం సమంగా ఉండాలి గదా. 2024 మేలో ఆ దేశపు సొంత విమాన కంపెనీ ఉన్నట్టుండి దివాలా తీసి సర్వీసులు ఆపేసింది. తర్వాత దేశంలోపలి సర్వీసులు మెల్లగా మొదలయ్యాయి. అదే ఏడు డిసెంబరు 17న 7.3 తీవ్రతతో భూకంపం వచ్చి పోర్ట్ విలా నడిబొడ్డున భవనాలు కూలి 14 మంది చనిపోయారు. 2017 సెప్టెంబరులో అంబే ద్వీపంలో కొండ రేగితే 11 వేల మందిని, అంటే ద్వీపంలోని జనమందరినీ, తరలించవలసి వచ్చింది. పాత గైడు పుస్తకాలు పట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. అంబ్రిమ్ ద్వీపంలో లావా సరస్సులున్నాయని వాటిలో రాసి ఉంటుంది. 2018 డిసెంబరులో అవి ఇంకిపోయాయి.

ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు. ఖాళీరోజులు ఎందుకు కావాలో చెప్పడానికి చెబుతున్నాను. పది రోజులు చేతిలో ఉంటే రెండు ద్వీపాలు చాలు. తాన్నాలో మూడు రాత్రులుండండి. అప్పుడు కొండకు రెండు సాయంకాలాలు దొరుకుతాయి, ఒకరోజు మబ్బు కమ్మినా ఇంకో రోజుంటుంది. తర్వాత పెంటెకోస్టో, సాంతోనో ఏదో ఒకటి. చివరి రెండు రాత్రులూ పోర్ట్ విలాలో ఉండి తీరాలి. చిన్న విమానం ఆగిపోయి పెద్ద విమానం తప్పిపోతే, కొత్త టిక్కెట్లకయ్యే డబ్బుతో ఇంకో యాత్ర చేయవచ్చు. ఆ రెండు రోజులూ వృథా కావు. ఊరికి దగ్గర్లో మెలే జలపాతం ఉంది, ఊళ్ళో బజారుంది.

కాగితాల విషయంలో ఒక ముఖ్యమైన సంగతి. ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గర ఉండి అక్కణ్ణించి వెళ్ళేవాళ్ళు తమ వీసా ఒక్కసారి ప్రవేశానికా, పలుమార్లకా అన్నది చూసుకోండి. ఒక్కసారిదైతే వనువాటు వెళ్ళాక తిరిగి రానివ్వరు. మన దేశం నుంచి నేరుగా బయల్దేరి ఆస్ట్రేలియా మీదుగా మారేవాళ్ళకు, అక్కడ విమానం మారడానికైనా వీసా కావాలి. ఫిజీలోని నాదీ మీదుగా వెళ్ళే దారి ఇంకొకటుంది. సింగపూరు నుంచి నాదీకి, అక్కణ్ణించి పోర్ట్ విలాకు. ఈ దారిన వెళ్తే నాదీలో ఒక రోజు ఆగండి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకుతోటల కూలికి ఫిజీ వెళ్ళినవారిలో మన తెలుగువాళ్ళెందరో ఉన్నారు. నాదీ ఊరి చివర రంగురంగుల గోపురంతో సుబ్రహ్మణ్యస్వామి ఆలయం కనిపిస్తుంది. అంతదూరంలో ఆ గోపురం చూస్తే కళ్ళు చెమ్మగిల్లడం ఖాయం. వనువాటు వీసా నియమాలు మాత్రం టిక్కెట్టు కొనేముందు ఆ ప్రభుత్వం దగ్గరే సరిచూసుకోండి, ఏజెంటు నోటిమాట నమ్మవద్దు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు "అగ్నిపర్వతం ఎక్కడం, నీళ్ళలోకి దిగడం ఇందులో ఉన్నాయా, ఒంట్లో బాగాలేకపోతే విమానంలో వేరే దేశానికి తరలించే ఖర్చు ఇస్తారా" అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. పెద్ద చికిత్సకు ద్వీపం దాటవలసిందే. కొన్ని దీవుల్లో మలేరియా ఉంది, డెంగీ ఉంది. వెళ్ళేముందు డాక్టరును కలవండి.

తిండికి బెంగలేదు. చేమదుంప, పెండలం, కర్రపెండలం, అరటి, సీమపనస, కొబ్బరి, బొప్పాయి అన్నీ అక్కడివే. వాటి తురుమును కొబ్బరిపాలతో కలిపి, ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్ళమధ్య మగ్గించే వంటను లాప్‌లాప్ అంటారు. పైన కోడిముక్కో చేపో పెడతారు, లేకుండా చెయ్యమని ముందే చెప్పాలి. వాళ్ళు 'ద్వీపపు క్యాబేజి' అనే ఆకుకూర మన బెండ కుటుంబంలోది, ఉడికిస్తే కాస్త జిగురు. పచ్చళ్ళూ పొళ్ళూ మూటకట్టే ముందు మాత్రం ఆగండి. విత్తనాలు, ఆకులు, పాలపదార్థాల మీద ఆ దేశంలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఆంక్షలున్నాయి. ఏది తీసుకెళ్ళినా ఫారంలో రాసి చూపించండి. దాస్తే జరిమానా.

మర్యాదల సంగతి. ఆ దేశపు రాజ్యాంగం ప్రకారం నేలంతా అక్కడి సంప్రదాయ హక్కుదారులదే. మీకు ఊరికే కనిపించే ఏరుకీ, ఇసుకతీరానికీ కూడా ఒక ఇంటివాళ్ళుంటారు. ప్రవేశానికి డబ్బడిగితే మోసమనుకోకండి, చిల్లర వాటులు దగ్గరుంచుకోండి. వాటు అన్నది వాళ్ళ నాణెం పేరు. బేరమాడటం అక్కడ మర్యాద కాదు. ఇది మనకు కొండెక్కడం కన్నా కష్టమని నా అనుమానం! పోర్ట్ విలా బజారు నడిపేది ఆడవాళ్ళే. వాళ్ళను 'మామా' అంటారు. దూరద్వీపాల నుంచి గంపలతో వచ్చి, అమ్ముడయ్యేదాకా అక్కడే ఉంటారు. మొగలిజాతి ఆకులతో అల్లిన బుట్టలూ చాపలూ కొనదగ్గవి. పెంటెకోస్ట్‌లో ఎర్రరంగు అద్దిన చాపలు పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకునే ధనం. అల్లేది ఆడవాళ్ళు గనుక, ఆ ధనం పుట్టేది వాళ్ళ చేతుల్లోనే.

కావా అనే పానీయం ప్రతి సాయంత్రం తాగుతారు. మన మిరియం, తమలపాకు కుటుంబంలోని మొక్క వేరు అది. నాలుక తిమ్మిరెక్కుతుంది. తాన్నాలో ఆ వేళకు మగవాళ్ళు చేరే చోటికి ఆడవాళ్ళు వెళ్ళకూడదని ఆచారం. మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు, కాని ఇల్లు వాళ్ళది. మీవారికి కాలేయానికో, నిద్రకో మందులు వాడుకుంటూ ఉంటే, ఆ సాయంత్రం ఆయన కూడా వెళ్ళకుండా చూడండి.

చివరగా ఒక పని. ఏ రోజు ఏ ద్వీపం, ఏ బస, ఏ విమానం అన్నది ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టు నకళ్ళతోపాటు ఇక్కడ ఉండే బంధువుల్లో ఒకరికి ఇవ్వండి. అక్కడి గడియారం మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మీరు కొండ అంచున నిలబడి పొద్దుగుంకడం చూస్తున్నప్పుడు ఇక్కడ ఇంకా మధ్యాహ్నభోజనాలకు సిద్ధమయ్యే వేళ. కొండ దిగి బసకు చేరాక ఫోన్ చేస్తామని ముందే చెప్పి ఉంచండి.